ఎస్టీపీ ఉంది, మరి కాలువ కంపెందుకు? క్యాంపస్ మురుగునీటి లెక్కలు

మా ఎదురింటి అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఉండేది హాస్టల్లో. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఒక మాట అడిగాడు. "బాబాయ్, మా కాలేజీలో మురుగు శుద్ధి ప్లాంటు, అదే ఎస్టీపీ, ఉంది. గేటు దగ్గర బోర్డు కూడా పెట్టారు. అయినా హాస్టల్ వెనక కాలువ దాటాలంటే ముక్కు మూసుకోవాల్సిందే. ప్లాంటు ఉత్తుత్తిదా, లేకపోతే ఎక్కడైనా ఇంతేనా?"

చిన్న ప్రశ్నే. జవాబు చెప్పబోతే మాత్రం అందులోంచి నాలుగైదు ప్రశ్నలు బయటికొచ్చాయి. మురుగు అంటే ఏమిటి? శుద్ధి అంటే ఎంతవరకు? ఎవరు కొలుస్తారు, ఎప్పుడు కొలుస్తారు? శుద్ధయిన నీళ్లు ఎక్కడికి పోతాయి? అడుగున మిగిలిన బురద సంగతేమిటి?

ఈ విషయం ఈమధ్య రెండు కారణాల వల్ల జనం నోట్లో నలుగుతోంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగే నీళ్లలోకి మురుగు ఎలా చేరుతుందన్నది అప్పుడు రాష్ట్రమంతా చర్చ అయింది. రెండోది 2025 ఆగస్టులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు. పెద్ద భవనాలకు ముందస్తు పర్యావరణ అనుమతి తీసుకోవాలన్న నిబంధన నుంచి విద్యాసంస్థలకు ఇచ్చిన మినహాయింపు చెల్లదని కోర్టు చెప్పింది. దాంతో "కాలేజీలు కూడా ఫ్యాక్టరీల్లా అనుమతులు తెచ్చుకోవాలా?" అనే గందరగోళం మొదలైంది. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు నీళ్ల సంగతి.

డ్రైనేజీ అందని చిన్న ఊరు

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గత పదిహేను, ఇరవై ఏళ్లలో వచ్చిన ఉన్నత విద్యాసంస్థలను ఒకసారి గుర్తు చేసుకోండి. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం, 2016లో మొదలైన శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ, విజయనగరం దగ్గర 2022లో సొంత విశ్వవిద్యాలయంగా మారిన జేఎన్‌టీయూ గురజాడ, 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం. ఇవి కాక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు బోలెడు. చాలావాటికి ఒక పోలిక ఉంది. ఊరి మధ్యలో ఉండవు. హైవే పక్కనో, పొలాల మధ్యనో, కొండవారనో ఉంటాయి. స్థలం దండిగా ఉంటుంది, పట్టణపు మురుగు పైపు మాత్రం అంత దూరం రాదు.

పల్లెలో ఐదు వందల గడపలుంటే వాటి మురుగు ఐదు వందల చోట్ల పుడుతుంది, చాలావరకు అక్కడే ఇంకుతుంది. క్యాంపస్‌లో వేల మంది మురుగు నాలుగైదు భవనాల దగ్గరే పుట్టి ఒకే పల్లానికి చేరుతుంది. ఆ పల్లం కింద సాధారణంగా ఒక గెడ్డో (వాగు) చెరువో ఉంటుంది. ఆ చెరువు కింద ఎవరివో పొలాలుంటాయి.

నీటి కాలుష్యం అనగానే మన దగ్గర పైడిభీమవరం వైపు వేలు చూపించడం అలవాటైపోయింది. రసాయన ఫ్యాక్టరీల మీద జనం కన్ను ఉంటుంది, ఉండాలి కూడా. హాస్టల్ మురుగును మాత్రం "బాత్రూం నీళ్లే కదా" అని వదిలేస్తాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో ప్రకటించిన కలుషిత నదీ భాగాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి ఐదు నదులుంటే, కృష్ణా గోదావరులతో పాటు మన నాగావళి కూడా ఉంది. ఆ జాబితాకు కొలమానం బీఓడీ, అంటే నీటిలోని మలినాన్ని తినడానికి బాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్ లెక్క. బీఓడీని అమాంతం పెంచే వాటిలో మనుషుల మురుగుది పెద్ద వాటా.

ఎంత మురుగు? ఒక ఊహా క్యాంపస్ లెక్క

లెక్క కోసం ఒక క్యాంపస్ ఊహించుకుందాం. పైన చెప్పిన వాటిలో ఏ ఒక్కదాని అంకెలూ ఇవి కావు. హాస్టళ్లలో 2,000 మంది, రోజూ వచ్చి వెళ్లే విద్యార్థులు 2,000 మంది, సిబ్బంది 300 మంది.

భారతీయ ప్రమాణాల ప్రకారం హాస్టల్లో ఉండేవారికి మనిషికి రోజుకు 135 లీటర్లు, పగలు వచ్చి వెళ్లేవారికి 45 లీటర్లు అని లెక్క కడతారు. 2,000ను 135తో హెచ్చిస్తే 2,70,000. మిగిలిన 2,300 మందికి 45 చొప్పున 1,03,500. మొత్తం 3,73,500 లీటర్లు. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగై తిరిగొస్తుందన్నది ఇంజనీర్ల లెక్క. అంటే రోజుకు 2,98,800, ఇంచుమించు మూడు లక్షల లీటర్లు. ప్లాంటు బోర్డుల మీద రాసే '300 కేఎల్‌డీ' అంటే ఇదే. కిలోలీటరంటే వెయ్యి లీటర్లు.

మురుగు ఒక్కటి కాదు

అసలు చిక్కుముడి ఇక్కడుందని నా అభిప్రాయం. 'మురుగు' అని ఒక్క మాటతో పిలుస్తాం గానీ, క్యాంపస్‌లో కనీసం నాలుగు రకాల మురుగునీళ్లు పుడతాయి. నాలుగింటి గుణమూ వేరు.

మొదటిది మరుగుదొడ్డి నీళ్లు. పరిమాణం తక్కువ, ప్రమాదం ఎక్కువ. అతిసారం, టైఫాయిడ్, పచ్చకామెర్లు, నులిపురుగులు వచ్చేదంతా ఈ దారినే. నత్రజనిలో ఎక్కువ భాగం కూడా ఇందులోనే ఉంటుంది. రెండోది స్నానాలు, బట్టలు ఉతికిన నీళ్లు. పరిమాణంలో దీనిదే పెద్ద పీట. పైకి సబ్బు నురగలా అమాయకంగా కనిపిస్తుంది. డిటర్జెంట్లలో ఫాస్ఫేటు ఉంటే చెరువులో గుర్రపుడెక్కకు ఎరువు వేసినట్టే.

మూడోది మెస్ నీళ్లు. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, పప్పు గిన్నెలు కడిగినవి, వేపుళ్ల నూనె. మన ఇళ్లలో ఇదంతా కుడితి తొట్టిలోకి వెళ్లి గేదె కడుపులో పడేది. గేదె సంతోషంగా తాగుతోందంటే దానర్థం ఆ నీళ్లలో తిండి ఉందని. అదే తిండి కాలువలో పడితే గేదెకు బదులు బాక్టీరియా తింటుంది, తింటూ నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తుంది. అందుకే మెస్ నీళ్లు లీటరు లెక్కన చూస్తే బాత్రూం మురుగు కంటే చాలాసార్లు ఘాటుగా ఉంటాయి. నూనె అయితే ఇంకో రకం బెడద. వేడిగా ఉన్నప్పుడు పారుతుంది, చల్లబడ్డాక పైపు లోపల గోడలకు పట్టుకుని గట్టిపడుతుంది. రోజులు గడిచే కొద్దీ పైపు సన్నబడి ఒక ఉదయం చాంబర్ పొంగుతుంది. దీనికి మందు పెద్ద యంత్రమేమీ కాదు. మెస్ బయట ఒక కుండీ కట్టి, నీరు అందులో నెమ్మదిగా కదిలేలా చేస్తే జిడ్డు పైకి తేలుతుంది, మెతుకులు అడుగుకు చేరతాయి, మధ్యలో నీరు మాత్రం ముందుకు పోతుంది. గ్రీజ్ ట్రాప్ అంటారు. పైన తేలిన జిడ్డును రోజూ తీసే మనిషి లేకపోతే అది కుండీలా కాక వట్టి గుంటలా మిగిలిపోతుంది.

నాలుగోది ప్రయోగశాలల నీళ్లు. రోజుకు కొన్ని బకెట్లే ఉండొచ్చు. కానీ క్రోమియం, పాదరసం, వెండి లవణాలు బాక్టీరియాకు తిండి కావు, విషం. జువాలజీ ల్యాబు ఫార్మలిన్ సింకులో పోస్తే అది ప్లాంటులోని బాక్టీరియానే చంపుతుంది. ఇందులో ఒక చోద్యం ఉంది. నీటి కాలుష్యాన్ని కొలిచే సీఓడీ పరీక్షలో వాడేదే పొటాషియం డైక్రోమేటు, పాదరసం సల్ఫేటు, వెండి సల్ఫేటు. పరీక్ష అయ్యాక గాజు గొట్టంలో మిగిలిన ద్రవాన్ని సింకులో పారబోస్తే, కాలుష్యం కొలుస్తూనే కాలుష్యం చేసినట్టు. ఇలాంటి వాటిని విడిగా డబ్బాల్లో పట్టి, పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలుగా అప్పగించాలి. దీనికి 2016 నాటి నిబంధనలు ఉన్నాయి. క్యాంపస్ ఆరోగ్య కేంద్రం ఉంటే దాని వ్యర్థాలకు అదే ఏడాది వచ్చిన బయోమెడికల్ నిబంధనలు వర్తిస్తాయి.

ఈ నాలుగింటినీ ఒకే పైపులో కలిపేసి, చివర ఒక యంత్రం పెట్టి 'శుద్ధి చెయ్యి' అనడం మన దగ్గర ఎక్కువగా కనిపించే పద్ధతి. యంత్రం తప్పు కాదది.

బీఓడీ అంటే నీటి ఆకలి లెక్క

వార్తల్లో తరచూ వచ్చే మాట బీఓడీ. నీటిలోని సేంద్రియ మలినాన్ని బాక్టీరియా తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత. మన దేశంలో నమూనాను 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచి, ముందూ వెనకా ఆక్సిజన్ ఎంతుందో చూస్తారు. సీఓడీ కూడా అలాంటిదే గానీ, అందులో తినే పని బాక్టీరియాకు బదులు రసాయనం చేస్తుంది. మూడు గంటల్లో తేలిపోతుంది, అంకె ఎప్పుడూ బీఓడీ కంటే పెద్దగానే ఉంటుంది.

మామూలు ఇంటి మురుగు బీఓడీ లీటరుకు సుమారు 250 మిల్లీగ్రాములు. మన ఎండల్లో 30 డిగ్రీల దగ్గర శుభ్రమైన చెరువు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టండి. 250ని ఏడున్నరతో భాగిస్తే 33. ఒక్క లీటరు మురుగు 33 లీటర్ల చెరువు నీటిలోని ఆక్సిజన్ మొత్తం ఖాళీ చేయగలదు. మన ఊహా క్యాంపస్ ఒక్కరోజు మురుగుకైతే కోటి లీటర్ల చెరువు నీరు ఊపిరాడక పోవాలి. గాలి నుంచి మళ్లీ కొంత ఆక్సిజన్ కలుస్తుంది కాబట్టి నిజంగా అంత జరగకపోవచ్చు. కానీ తెల్లవారేసరికి చేపలు నోళ్లు పైకెత్తి తేలడం ఎందుకో ఈ లెక్కతో తెలుస్తుంది.

ఆక్సిజన్ అయిపోయాక ఏమవుతుంది? గాలి అక్కర్లేని వేరే జాతి బాక్టీరియా పని అందుకుంటుంది. అవి వదిలేది హైడ్రోజన్ సల్ఫైడు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. మా ఎదురింటి అబ్బాయి ముక్కు మూసుకున్నది దీనికే.

సెప్టిక్ ట్యాంకు సగం పనే చేస్తుంది

చాలా క్యాంపస్‌లలో ఒక్కో హాస్టల్ కట్టినప్పుడల్లా దాని పక్కన ఒక్కో సెప్టిక్ ట్యాంకు వచ్చింది. ట్యాంకులో మురుగు ఒకటి రెండు రోజులు నిలబడుతుంది. బరువైనది అడుగుకు, తేలికైనది పైకి. బీఓడీలో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, అంతే. బయటికొచ్చే నీరు తేటగా కనిపించినా రోగక్రిములు అలాగే ఉంటాయి. అందుకే దాన్ని ఇంకుడు గుంతలోకి వదిలి నేల చేత వడకట్టించాలి. గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని భారతీయ ప్రమాణం.

ఇక్కడే మన నేల అడ్డు చెబుతుంది. వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే ప్రాంతం మనది. సముద్రానికి దగ్గరి ఇసుక నేలల్లో సెప్టెంబరు, అక్టోబరుల్లో నుయ్యిలో నీరు చేతికందేంత పైకి వస్తుంది. ఇంకుడు గుంత అడుగు అప్పటికే భూగర్భజలంలో మునిగి ఉంటే వడపోత అనేదే లేదు, మురుగు నేరుగా బోరు నీటిలో కలుస్తుంది. బోరు నీళ్లలో నైట్రేటు పెరిగితే మొదట అనుమానించాల్సింది ఇదే. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. మలంలో ఉండే ఇ.కొలి బాక్టీరియా అయితే వంద మిల్లీలీటర్లలో ఒక్కటీ కనిపించకూడదు.

ఎస్టీపీ లోపల ఉన్నది పశువుల మంద

ఎస్టీపీ అంటే సీవేజ్ ట్రీట్‌మెంట్ ప్లాంటు. ఎంబీబీఆర్, ఎస్‌బీఆర్, ఎంబీఆర్ అని పొడి అక్షరాల పేర్లు విని కంగారు పడనక్కర్లేదు. అన్నింటి లోపలా జరిగేది ఒకటే. తొట్టిలోకి గాలి ఊదుతారు, బాక్టీరియా మలినాన్ని తిని ముద్దలుగా పెరుగుతుంది, ఆ ముద్దలు అడుగుకు దిగాక పైన తేరిన నీటిని తీసి క్లోరిన్‌తోనో అతినీలలోహిత కాంతితోనో క్రిములను చంపుతారు. ఎంబీబీఆర్‌లో బాక్టీరియా అంటుకోవడానికి ప్లాస్టిక్ బిళ్లలు వేస్తారు. ఎస్‌బీఆర్‌లో నింపడం, గాలి ఊదడం, తేర్చడం ఒకే తొట్టిలో వంతులవారీగా జరుగుతాయి. ఎంబీఆర్‌లో సన్నని పొరతో వడకడతారు. నీరు చాలా శుభ్రం, ఖర్చు కూడా అలాగే.

యంత్రం అనుకునే బదులు దీన్ని పశువుల శాల అనుకుంటే సగం సమస్యలు వాటంతటవే అర్థమవుతాయి. మందకు వేళకు మేత కావాలి, ఊపిరాడాలి, విషం తగలకూడదు. క్యాంపస్‌లో ఈ మూడూ తప్పుతుంటాయి.

విషం సంగతి ల్యాబు నీళ్ల దగ్గర చూశాం. ఇక మేత సంగతి. హాస్టల్లో నీటి వాడకం రోజంతా సమానంగా ఉండదు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపలే రోజు మురుగులో 40 శాతం వచ్చేస్తుందనుకుందాం. అంటే మూడు గంటల్లో 1,20,000 లీటర్లు, గంటకు 40,000. ప్లాంటు సామర్థ్యం సగటున గంటకు 12,500 మాత్రమే. ఆ మూడు గంటల్లో అది తీసుకోగలిగేది 37,500. మిగతా 82,500 లీటర్లు ఎక్కడో ఆగాలి. ఆగడానికి కట్టే తొట్టినే ఈక్వలైజేషన్ ట్యాంకు అంటారు. అది చిన్నదైతే పొద్దున్నే మురుగు పక్కదారిలో కాలువలోకి పోతుంది. నమూనా తీసేవాళ్లు పదకొండింటికి వస్తారు. అప్పటికి అంతా సర్దుకుని ఉంటుంది. రిపోర్టులో అంకెలు బాగుంటాయి, కాలువ కంపు కొడుతుంది, రెండూ నిజమే. ఒక్క నమూనాకు బదులు రోజంతా గంట గంటకూ తీసి కలిపిన నమూనా పరీక్షించాలనడం ఇందుకే.

సెలవులది ఇంకో బాధ. దసరాకు, సంక్రాంతికి హాస్టళ్లు ఖాళీ. సిరిమాను చూడ్డానికి విజయనగరం జనంతో కిక్కిరిసిపోయే రోజుల్లో క్యాంపస్ తొట్టిలో బాక్టీరియా ఆకలితో మాడుతుంది. పది రోజుల తర్వాత పిల్లలందరూ ఒక్కసారిగా తిరిగొస్తే సగం చచ్చిన మంద ఆ మేతను అరిగించుకోలేదు. తెలిసిన ఆపరేటర్లు సెలవుల్లో గాలి తగ్గించి, బెల్లం నీళ్లు పోసి, కాలేజీ తెరిచే ముందు పేడ కలిపి మందను నిలబెడతారు. ఏ బ్రోషర్లోనూ కనిపించదు గానీ చాలా చోట్ల ప్లాంటు నడిచేది ఈ అనుభవం మీదే.

ఊపిరి సంగతికొస్తే, కరెంటు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. తిత్లీ తర్వాత శ్రీకాకుళం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లు ఎన్నో. గాలి ఊదే బ్లోయర్ ఆగితే కొన్ని గంటల్లోనే తొట్టి నల్లబడి కంపు మొదలవుతుంది. జనరేటరుంది కదా అంటారు. తుపాను రోజున ఆ డీజిల్ ముందు హాస్టల్ లైట్లకూ తాగునీటి మోటారుకూ పోతుంది, పోవాలి కూడా. మురుగుకు విడిగా ఏర్పాటు లేకపోతే లేనట్టే.

అదే రోజున ఇంకో దెబ్బ వాన నీరు. రెండు వేల చదరపు మీటర్ల హాస్టల్ డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. డాబా పైపును ఎవరో మేస్త్రీ దగ్గర్లో ఉన్న మురుగు చాంబర్‌లో కలిపేసి ఉంటే, అలాంటి మూడు డాబాలు చాలు ప్లాంటును, అందులోని మందతో సహా, గెడ్డలోకి కడిగేయడానికి. వాన కాలువ వేరు, మురుగు కాలువ వేరు అన్న మాటలో ఉన్నదంతా ఇదే.

ప్లాంటు బాగుందో లేదో తెలుసుకోవడానికి ల్యాబు దాకా పోనక్కర్లేదు. గాలి ఊదే తొట్టిలోంచి లీటరు నీరు గాజు జాడీలో పట్టి అరగంట ఉంచితే, కాఫీ పొడి రంగు ముద్ద అడుగున రెండు మూడు వందల మిల్లీలీటర్ల గీత దాకా దిగి పైన తేట నీరు కనిపించాలి. నల్లగా ఉంటే గాలి చాలడం లేదు. ఎంతసేపటికీ దిగకపోతే మంద జబ్బు పడింది. ఆపరేటర్లు రోజూ చేసే పరీక్ష ఇది, లాగ్‌బుక్కులో రాయాలి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లకు చూపించే గ్రీన్ ఆడిట్ సర్టిఫికెట్ కంటే ఆ లాగ్‌బుక్కు తిరగేయడమే నాకు ఎక్కువ ఉపయోగమనిపిస్తుంది.

30 సరిపోతుందా, 10 కావాలా? చట్టం ఏమంటోంది

ఇక్కడ రెండు వేర్వేరు అనుమతులను జనం కలిపేస్తున్నారు. ఒకటి 1974 నాటి జల చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సమ్మతి. మురుగు బయటికి వదిలే సంస్థ కట్టడానికి ముందు ఒకసారి, నడపడానికి ఒకసారి తీసుకోవాలి. రెండోది 2006 నోటిఫికేషన్ కింద 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణాలకు కావాల్సిన ముందస్తు పర్యావరణ అనుమతి. 2014లో విద్యాసంస్థలను ఈ రెండోదాని నుంచి తప్పించారు. 2025 జనవరి నోటిఫికేషన్లో కూడా ఆ మినహాయింపు ఉంది. ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది దీన్నే. జల చట్టం బాధ్యతలు ఆ మినహాయింపు ఉన్నప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

ఇక అంకెలు. ఎస్టీపీల కోసం 2017 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మహానగరాల్లో బీఓడీ లీటరుకు 20 మిల్లీగ్రాములు, మిగతా చోట్ల 30 మించకూడదు. మలసంబంధ కోలిఫాంలు (మలం నుంచి వచ్చే బాక్టీరియా) వంద మిల్లీలీటర్లకు వెయ్యి లోపు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇంకా బిగించి 10 అంది, చిన్న ఊళ్లకూ అదే వర్తించాలంది.

మన క్యాంపస్‌కు తేడా ఎంత? శుద్ధి లేకపోతే రోజుకు 75 కిలోల బీఓడీ బయటికి పోతుంది. 30కి తెస్తే 9 కిలోలు, 10కి తెస్తే 3 కిలోలు. బిగించాలనేవారి వాదన: వేసవిలో మన నదులూ గెడ్డలూ ఇంచుమించు ఎండిపోతాయి, కలుపుకొని పలుచన చేసే నీరే ఉండదు, కాబట్టి వదిలేదే శుభ్రంగా ఉండాలి. అవతలి వాదన: 75ను 9కి తేవడంలోనే చాలా మేలు ఉంది, ఆ చివరి 6 కిలోల కోసం పెట్టే ఖర్చుతో అసలు ప్లాంటే లేని మూడు హాస్టళ్లను కలపొచ్చు. నాకు రెండో మాట లెక్కలో బలంగా తోస్తుంది. కానీ కింద పొలాలూ బావులూ ఉన్నచోట, అందులోనూ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, మొదటి మాటను కొట్టిపారేయలేం.

యంత్రమా, జమ్ము మడా?

స్థలం ఉన్న క్యాంపస్‌లు ఎదుర్కొనే ఇంకో ప్రశ్న ఇది. కంకర నింపిన మడుల్లో జమ్ము, మెట్టతామర నాటి వాటి వేళ్ల మధ్య నుంచి మురుగును నెమ్మదిగా పారించే పద్ధతి ఉంది. నాగపూర్ నీరి సంస్థ రూపొందించిన ఫైటోరిడ్ ఈ కోవలోదే. వేళ్లకు, కంకరకు అంటుకున్న బాక్టీరియానే ఇక్కడా పని చేసేది, మొక్కలది తోడు మాత్రమే.

వెచ్చని ప్రాంతాల్లో మనిషికి ఒకటి నుంచి రెండు చదరపు మీటర్ల మడి కావాలంటారు. మన మూడు లక్షల లీటర్లు పూర్తిస్థాయిలో ఉండే సుమారు 2,770 మంది మురుగుతో సమానం. అంటే 70 సెంట్ల నుంచి ఎకరా నలభై సెంట్ల దాకా నేల. కరెంటు దాదాపు అక్కర్లేదు, తుపానుకు ఆగదు, సెలవులకు మాడదు. యంత్రానికైతే కిలోలీటరుకు ఒక యూనిట్, యూనిట్ 8 రూపాయలు అనుకున్నా రోజుకు 2,400, ఏడాదికి తొమ్మిది లక్షలకు దగ్గర.

అలాగని మడి పెట్టేసి మర్చిపోవచ్చనుకుంటే పొరపాటు. ముందు మెతుకులూ జిడ్డూ ఆపకపోతే కంకర పూడిపోతుంది, పూడిందంటే తవ్వి కడగాలి. నీరు పైన నిలిస్తే దోమలు. నత్రజనిని గట్టిగా తగ్గించాలంటే ఒక్క మడి చాలదు. కిక్కిరిసిన పట్టణ కాలేజీకి ఇది కుదరదు. ఎచ్చెర్ల వైపో ద్వారపూడి వైపో స్థలమున్న వాళ్లు మాత్రం దీన్ని పక్కన పెట్టడానికి కారణం 'హైటెక్‌గా కనిపించదు' అన్నదొక్కటే అయితే అది సరైన కారణం కాదు.

శుద్ధయిన నీరు ఆగస్టులో ఎవరికి కావాలి

'జీరో డిశ్చార్జ్' అనే మాట క్యాంపస్ బోర్డుల మీద ఎక్కువగా కనిపిస్తోంది. చుక్క కూడా బయటికి పోదు, అంతా తిరిగి వాడతాం అని. లెక్క చూద్దాం. 135 లీటర్లలో 45, పగటివారి 45లో 20 ఫ్లష్‌కు పోతాయని ప్రమాణాల అంచనా. హాస్టళ్లకు 90,000, మిగతావారికి 46,000, కలిపి 1,36,000 లీటర్లు. దీనికి విడి పైపు, విడి ట్యాంకు కావాలి. పాత భవనాల్లో గోడలు పగలగొట్టాలి. ఆ పైపు పొరపాటున తాగునీటి పైపుకు కలిసిందా, మళ్లీ గుర్ల లాంటి భయమే. అందుకే రంగు వేరుగా ఉండాలి, క్రిములను చంపడం తప్పకుండా జరగాలి.

మిగిలింది 1,62,800 లీటర్లు. మే నెలలో తోటకు రోజుకు ఐదు మిల్లీమీటర్ల తడి అనుకుంటే ఎకరానికి సుమారు 20,000 లీటర్లు, ఎనిమిది ఎకరాల పచ్చిక, మొక్కలు బతికిపోతాయి. బోరు మీద భారం తగ్గుతుంది. ఆగస్టులోనో? నేల అప్పటికే నాని ఉంటుంది. ఆ లక్షా అరవై వేల లీటర్లు రోజూ ఎక్కడికో పోవాల్సిందే. కాబట్టి మన వాతావరణంలో జీరో డిశ్చార్జ్ అంటే ఏడాదిలో కొన్ని నెలల మాట. మిగతా నెలల్లో వదిలే నీటికి ప్రమాణం ఉందా, వదిలేచోట కొలుస్తున్నారా అన్నదే అడగాల్సింది.

ఎవరూ మాట్లాడని బురద

నీరు శుభ్రమైందంటే అందులోని మలినం మాయమైందని కాదు. కొంత గాలిలో కలిసింది, మిగతాది బాక్టీరియా ఒళ్లయింది. తీసేసిన ప్రతి కిలో బీఓడీకి అర కిలో ఎండు బురద అనుకుంటే మన క్యాంపస్‌లో రోజుకు 33 కిలోలు. అది ఎండుగా రాదు. నూటికి ఒక పాలు బురద, మిగతా నీరు. అంటే రోజుకు 3,300 లీటర్ల జారు. ఇసుక మడుల మీద ఆరబెడితే వేసవిలో వారం పది రోజుల్లో పెళ్లలు కడుతుంది. అక్టోబరులో ఆరదు. అందుకే వానలకు ముందే మడులు ఖాళీ చేసి పెట్టుకోవాలి, పైన రేకు వేస్తే మరీ మంచిది.

సెప్టిక్ ట్యాంకు బురదైతే రెండు మూడేళ్లకోసారి తోడాలి. ఇక్కడ మురుగు కంటే పెద్ద ప్రమాదం మనుషులది. మూత తీసిన ట్యాంకులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియకుండా చేస్తుంది, దిగిన మనిషి కుప్పకూలతాడు, తీయడానికి దిగిన రెండో మనిషీ అంతే. మనుషులను ఇలా దించడం 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోతే ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది. కాంట్రాక్టరును పిలిచాం, మాకు సంబంధం లేదనడానికి వీల్లేదు.

సెలవులయ్యాక మా ఎదురింటి అబ్బాయి ఫోన్ చేశాడు. ప్లాంటు ఆపరేటరుతో మాట కలిపి, జాడీ పరీక్ష దగ్గరుండి చూశాడట. కాఫీ పొడి రంగు, చక్కగా దిగిందట.

"ప్లాంటు బాగానే ఉంది బాబాయ్. మెస్ పైపే దానికి కలపలేదు. కొత్త మెస్ కట్టినప్పుడు దగ్గరని కాలువలోకి పెట్టేసారంట. గ్రీజ్ ట్రాప్ ఉంది గానీ దాని మీద గ్యాస్ సిలిండర్లు పేర్చున్నాయి."

"బురద ఎక్కడికి పోతుందో అడిగావా?"

"అడిగాను. నెలకోసారి ట్యాంకర్ వస్తాదంట. ఎక్కడికి పట్టుకెళ్తాడో డ్రైవర్ని అడగాలి అన్నాడు."